ఎనిమిది పెట్టెలు – ఒకే పందెం

తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కని పిల్లలు అరుదు. బెంగుళూరు, చెన్నై, ముంబాయి వంటి నగరాలలో దానికి తోడు మరో వినోదం ఉంది. అక్కడి పెద్ద దుకాణ సముదాయాలలో డబ్బు చెల్లించి ఆడే వీడియో ఆటల యంత్రాలు వరుసగా నిలిపి ఉంటాయి. వీటిని ఆర్కేడ్ యంత్రాలు అంటారు. వాటిలో కారు పందెపు యంత్రం ఒకటి. కూర్చోవడానికి సీటు, చేతికి స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు, ఎదురుగా తెర. పక్కపక్క యంత్రాలలో ఇద్దరు కూర్చుంటే, మీ తెరమీద ముందు దూసుకుపోయే కారు పక్కసీటులోని మీ స్నేహితుడిదే కావచ్చు. రెండు వేరువేరు పెట్టెలు ఒకే పందేన్ని ఎలా చూపగలుగుతున్నాయి?

మొదట్లో ఈ చిక్కు లేదు. 1975లో అమెరికాలో అటారీ సంస్థకు చెందిన కీ గేమ్స్ 'ఇండీ 800' అనే ఆటను తయారుచేసింది. పెద్ద బల్లవంటి పెట్టె, నడుమ ఒకే తెర, చుట్టూ ఎనిమిదిమంది ఆటగాళ్ళు. పందెపు బాటను అందరూ పైనుంచి చూస్తారు. సరదా ఆటే కాని, డ్రైవరు కంటికి కనిపించే రోడ్డు అందులో లేదు. అది కావాలంటే ఎవరి తెర వారికుండాలి. 1987లో జపాను కంపెనీ నామ్కో 'ఫైనల్ లాప్' ఆటలో ఆ పని చేసింది. ఇద్దరేసి కూర్చునే పెట్టెలు నాలుగింటిని కలిపితే ఎనిమిదిమంది పోటీ పడవచ్చు.

పెట్టెల మధ్య తీగలో బొమ్మలే ప్రయాణిస్తాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సెగా కంపెనీ వారి 'డేటోనా యు.ఎస్.ఏ.' 1994లో ఎన్నో దేశాలకు చేరిన ఆట. దాని తెరమీద అడ్డంగా 496, నిలువుగా 384 చుక్కలుంటాయి. అంటే ఒక్క బొమ్మకు 1,90,464 చుక్కలు. సెకనుకు 60 బొమ్మలు మారతాయి. లెక్క కట్టండి: సెకనుకు కోటికి పైగా చుక్కలు! అంత భారం తీగమీద ఎందుకు? రోడ్డు, కొండ, చెట్టు ప్రతి యంత్రంలోనూ ముందే ఉన్నాయి. తెలియనిది ఎదుటివారి కారు ఎక్కడ ఉంది, ఎటు తిరిగి ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నదే. ఆ కొద్ది అంకెలు అందితే చాలు, బొమ్మను ఎవరి యంత్రం వారికి గీసి ఇస్తుంది.

ఈ అంకెలు తిరిగే పద్ధతి ముచ్చటైనది. ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చున్నారనుకోండి. ఒక చీటీ చేతులు మారుతోంది. ప్రతివారూ అందుకొని, అందరి సంగతులు చదివి, తమ సంగతి మాత్రం దిద్ది, పక్కవారికి అందిస్తారు. డేటోనా యంత్రాలనూ ఇలాగే వలయంగా కలుపుతారు. మొదటిదాని 'పంపే' రంధ్రం నుంచి రెండవదాని 'అందుకొనే' రంధ్రానికి ఒక తీగ. చివరిదాని నుంచి మళ్ళీ మొదటిదానికి ఇంకొకటి. ఆ తీగలో పోయేది విద్యుత్తు కాదు, కాంతి. యంత్రాలలో ఒకదానిని పెద్దగా నిర్ణయిస్తారు. దానిని మాస్టర్ అంటారు.

చీటీ ఎందుకంత అవసరం? ఒకరి కబురు మరొకరికి అందకపోతే, ఇద్దరి తెరలమీదా 'నీవే మొదటివాడివి' అని కనిపించవచ్చు. అప్పుడు తగవు తీర్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆట మొదలుకాక మునుపే యంత్రాలు వలయం సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకుంటాయి.

గెలుపోటములలో మరో సంగతి ఉంది. ఫైనల్ లాప్‌లో వెనుకబడిన కారుకు కాస్త వేగం కలిసేది. ముందున్నవారికి ఇది అన్యాయంగా తోచవచ్చు. కాని కొత్తగా ఆడేవాడు మొదటి మలుపులోనే ఒంటరి అయిపోతే, పక్కపక్కన కూర్చోబెట్టి ఏం లాభం?

వలయానికి ఒక బలహీనత ఉంది. చీటీ ఆటలో ఒకరు మంచినీళ్ళకు లేచి వెళితే చీటీ ఆగిపోతుంది. అలాగే ఎనిమిదింటిలో ఒక్క పెట్టె చెడినా వలయం తెగి, బాగున్న ఏడూ కలిసి ఆడలేవు. అప్పుడు మరమ్మతు చేసేవారు చెడిన పెట్టె తీగను ఊడదీసి, దానికి ఇటూ అటూ ఉన్న పెట్టెలను నేరుగా కలుపుతారు. కాసేపట్లో ఏడుగురితో పందెం మొదలవుతుంది.