కంప్యూటరు చూపే లోపం, అసలు లోపం

గుండెపోటు వచ్చిన మనిషికి చాలాసార్లు ఎడమచేతిలో నొప్పి తెలుస్తుంది. అంతమాత్రాన చేతికి కట్టు కట్టి పంపించే వైద్యుడు ఉండడు. నొప్పి తెలిసే చోటు ఒకటి, జబ్బు ఉన్న చోటు మరొకటి కావచ్చునన్నది వైద్యశాస్త్రంలో మొదటి పాఠాలలో ఒకటి. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ పాఠం చాలామందికి గుర్తుండదు. పరీక్షా ప్రోగ్రాము నడపగానే "డిస్కు ఆరోగ్యం సరిగా లేదు" అన్న హెచ్చరిక తెరమీద కనబడుతుంది. వెంటనే డిస్కు తీసివేసి కొత్తది కొని బిగిస్తారు. కొన్నాళ్ళకు కొత్త డిస్కు మీద కూడా అదే హెచ్చరిక వస్తుంది. లోపం మొదటి డిస్కులోనూ లేదు, రెండవదానిలోనూ లేదు. డిస్కును కంప్యూటరుకు కలిపే కేబులులో ఉన్నది.

ఇట్లాంటి పొరపాటు ఎందుకు జరుగుతుంది? పరీక్షా ప్రోగ్రాము యంత్రభాగాన్ని కంటితో చూడదు, చేతితో తాకదు. భాగంలోనో, దాని పక్కనో ఉన్న చిన్న ఏర్పాటు ఏదో ఒకదానిని కొలిచి, దానిని ఒక సంఖ్యగా రాసిపెడుతుంది. ఆ సంఖ్యను ప్రోగ్రాము చదివి, తనకు తెలిసిన అర్థం చెప్పి, తెరమీద ఒక వాక్యంగా చూపుతుంది. కొలవడం, రాయడం, చదవడం, అర్థం చెప్పడం అనే నాలుగు మెట్లలో ఏ మెట్టు దగ్గరైనా దారి తప్పవచ్చు. కాబట్టి తెరమీది వాక్యాన్ని తీర్పుగా కాక, సాక్ష్యంగా తీసుకోవలసి ఉంటుంది.

శేషం చెప్పే సాక్ష్యం

మొదట కేబులు సంగతి చూద్దాం. కంప్యూటరుకూ డిస్కుకూ మధ్య సమాచారం వెళ్ళేటప్పుడు దారిలో అది చెడిపోలేదని తెలుసుకోవడం ఎట్లా? దీనికొక చక్కని లెక్క ఉన్నది. 4731 అనే సంఖ్యను పంపవలసి ఉన్నదనుకుందాం. దానిని 7తో భాగిస్తే శేషం 6 వస్తుంది. పంపేవారు 4731తోపాటు 6ను కూడా పంపుతారు. దారిలో ఏదో జరిగి అవతలివారికి 4737 చేరిందనుకోండి. వారు 7తో భాగిస్తే శేషం 5 వస్తుంది. 5కూ 6కూ పొంతన లేదు కాబట్టి ఎక్కడో తప్పు జరిగిందని గ్రహించి, మళ్ళీ పంపమంటారు. డబ్ల్యు. వెస్లీ పీటర్సన్ 1961లో రూపొందించిన సి.ఆర్.సి. అనే పద్ధతికి మూలసూత్రం ఇదే. ఐతే అందులో మామూలు సంఖ్యలకు బదులు సున్నాలు, ఒకట్ల వరుసలతో భాగహారం చేస్తారు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. శేషాలు కలవకపోతే తప్పు జరిగిందని తెలుస్తుందే గాని, ఎక్కడ జరిగిందో తెలియదు. పంపిన చోట జరిగి ఉండవచ్చు, దారిలో జరిగి ఉండవచ్చు, అందుకున్న చోట జరిగి ఉండవచ్చు.

డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే గమనించుకొని లెక్కలు రాసిపెట్టుకొనే "స్మార్ట్" అనే పద్ధతి 1990ల నుంచి వాడుకలో ఉన్నది. అందులో 199వ నంబరు గల అంశం ఈ శేషాల తేడాలను లెక్కపెడుతుంది. ఈ లెక్క పెరగడానికి తరచుగా కారణం కేబులు వదులు కావడమో, నలిగిపోవడమో, మొనలలో దుమ్ము చేరడమో అయి ఉంటుంది. కాని లెక్క రాసిపెట్టేది డిస్కు. అందువల్ల ప్రోగ్రాము హెచ్చరికను డిస్కు పేరుమీదనే చూపుతుంది. ఉత్తరం చిరిగిపోయి వచ్చిందని ఫిర్యాదు చేసినవానినే చింపినవాడని పట్టుకొన్నట్టు ఉంటుంది ఇది.

మరొక చిక్కు కూడా ఉన్నది. కేబులు మార్చినా ఈ లెక్క సాధారణంగా మళ్ళీ సున్నాకు రాదు. ఇంతవరకు జరిగిన తప్పుల మొత్తం అట్లాగే నిలిచి ఉంటుంది. కాబట్టి చూడవలసింది ఆ సంఖ్య ఎంత అన్నది కాదు, కేబులు మార్చిన తరువాత అది పెరుగుతున్నదా లేదా అన్నది. పెరగడం ఆగిపోతే జబ్బు నయమైనట్టే.

ఒకే గడిలో రెండు సంఖ్యలు

సంఖ్య సరిగానే ఉండి, దానిని చదవడంలో పొరపాటు జరిగే సందర్భాలు కూడా ఉన్నవి. స్మార్ట్ పట్టికలో ప్రతి అంశానికీ 48 బిట్ల గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఏమి రాయాలన్నది చాలావరకు డిస్కు తయారుచేసేవారి ఇష్టం. కొందరు తయారీదారులు "చదవడంలో తప్పుల రేటు" అనే అంశంలో రెండు సంఖ్యలను కలిపి ఉంచుతారు. పైనున్న 16 బిట్లలో తప్పుల సంఖ్య, కిందనున్న 32 బిట్లలో డిస్కు ఎన్నిసార్లు చదివిందన్న సంఖ్య ఉంటాయి. ఇది తెలియని ప్రోగ్రాము గడినంతటినీ ఒకే సంఖ్యగా చదువుతుంది. డిస్కు 15 కోట్లసార్లు చదివి ఒక్క తప్పు కూడా చెయ్యకపోయినా, తెరమీద 15 కోట్ల తప్పులు కనబడతాయి! నిజంగా అన్ని తప్పులు చేసిన డిస్కు పనిచెయ్యడం అసాధ్యమన్న ఆలోచన కలిగితే, సంఖ్యను కాక చదివిన తీరును అనుమానించాలని తోస్తుంది.

127 డిగ్రీల వేడి

ఒక్కొక్కప్పుడు కొలవడానికి అసలు వస్తువే ఉండదు. కంప్యూటరులోని ప్రధానమైన పలకను, అంటే మదర్‌బోర్డును, పరీక్షిస్తే ఒక చోట ఉష్ణోగ్రత 127 డిగ్రీలని చూపవచ్చు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంత వేడి ఉన్న పలక దగ్గర చేయి పెట్టడమే కష్టం కావలసింది, కాని అక్కడ అంతా చల్లగా ఉంటుంది. కారణం ఇది: ఉష్ణోగ్రతలు కొలిచే చిప్పుకు అనేక ద్వారాలు ఉంటాయి. మదర్‌బోర్డు తయారుచేసినవారు వాటిలో కొన్నింటికి సెన్సర్లు కలపకుండా వదిలివేస్తారు. గుర్తుతో కూడిన సంఖ్యను 8 బిట్లలో రాస్తే -128 నుంచి 127 వరకే రాయడం సాధ్యం. ఖాళీ ద్వారం తరచు ఈ చివరి హద్దును చూపుతుంది. సరిగ్గా హద్దు దగ్గర నిలిచి, ఎంతసేపు చూసినా కదలని అంకె కనబడితే, అక్కడ సెన్సరు ఉన్నదా అని మొదట అడగాలి.

ఫ్యాను విషయం కూడా ఇట్లాంటిదే. సాధారణంగా మూడు తీగలున్న ఫ్యానులో మూడవ తీగ చుట్టుకు రెండు చొప్పున సంకేతాలు పంపుతుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాను నుంచి సెకనుకు 40 సంకేతాలు వస్తాయన్నమాట. రెండే తీగలున్న ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా ఈ సంకేతం రాదు. ప్రోగ్రాము మాత్రం "వేగం సున్నా, ఫ్యాను ఆగిపోయింది" అంటుంది. పెట్టె మూత తీసి ఒకసారి కంటితో చూస్తే నిజం తెలిసిపోతుంది.

మెమొరీ పరీక్ష

మెమొరీని పరీక్షించే ప్రోగ్రాము ప్రతి చోటా ఒక గుర్తును రాసి, మళ్ళీ చదివి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. తేడా వస్తే "మెమొరీలో లోపం" అని చెబుతుంది. కాని రాసినది చదివిన దానితో కలవకపోవడానికి ర్యామ్ స్టిక్కు చెడిపోవడం ఒక్కటే కారణం కాదు. అది కూర్చొనే స్లాటులో దుమ్ము ఉండవచ్చు. మెమొరీని నడిపే భాగంలో లోపం ఉండవచ్చు. విద్యుత్తు నిలకడగా అందకపోవచ్చు. నిర్ణయించిన దానికంటె ఎక్కువ వేగంతో నడుపుతూ ఉండవచ్చు.

అసలు ఏ భాగమూ చెడిపోకుండానే తప్పు జరగవచ్చునని కూడా తేలింది. ఇంటెల్ సంస్థలో పనిచేసిన మే, వుడ్స్ అనే శాస్త్రజ్ఞులు మెమొరీ చిప్పుల పైకప్పు పదార్థంలో అతి స్వల్పంగా ఉన్న యురేనియం, థోరియంల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లను తారుమారు చేయగలవని గుర్తించారు. వారి పరిశోధన పత్రం 1979లో వెలువడింది. అట్లా మారిన బిట్టును మళ్ళీ రాస్తే అది సరిగానే నిలుస్తుంది. చిప్పుకు ఏ హానీ ఉండదు.

మరి కారణాన్ని కనిపెట్టడం ఎట్లా? రెండు ర్యామ్ స్టిక్కులు, రెండు స్లాటులు ఉన్నాయనుకుందాం. కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, ఒక స్టిక్కును మాత్రమే ఉంచి పరీక్ష జరపాలి. తరువాత దానినే రెండవ స్లాటులో పెట్టి మళ్ళీ జరపాలి. ఇదే విధంగా రెండవ స్టిక్కునూ పరీక్షించాలి. తప్పు స్టిక్కు వెంట వెళ్ళితే లోపం స్టిక్కులో ఉన్నది. స్లాటునే అంటిపెట్టుకొని ఉంటే లోపం స్లాటులోనో, బోర్డులోనో ఉన్నది. నాలుగు సందర్భాలలోనూ వస్తే విద్యుత్తునో, వేగాన్నో, మెమొరీని నడిపే భాగాన్నో అనుమానించాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యడం దీనిలోని కీలకం. ప్రయోగశాలలో పాటించే నియమం కూడా ఇదే.

హెచ్చరికను కొట్టివేయవచ్చునా?

పై విషయాలు చదివి, హెచ్చరికలన్నీ ఉత్తవేనని అనుకోవడం మరింత ప్రమాదం. డిస్కులో పాడైన చోట్లకు బదులుగా వేరే చోట్లను వాడిన లెక్క 5వ అంశంలో ఉంటుంది. చదవడం కుదరక నిలిచిపోయిన చోట్ల లెక్క 197వ అంశంలో ఉంటుంది. ఇవి పెరుగుతూ ఉంటే డిస్కు నిజంగానే అరుగుతున్నదని భావించాలి. గూగుల్ సంస్థలో పినెయిరో, వెబర్, బరోసో అనే పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. డిస్కు తన ఉపరితలాన్ని తడిమి చూసుకొన్నప్పుడు మొదటి తప్పు బయటపడితే, ఆ తరువాత 60 రోజులలో అది చెడిపోయే అవకాశం, అట్లాంటి తప్పు లేని డిస్కుల కంటె 39 రెట్లు ఎక్కువగా ఉన్నది. అదే పరిశీలనలో మరొక సంగతి కూడా తేలింది. చెడిపోయిన డిస్కులలో నూటికి 36కు పైగా స్మార్ట్ లెక్కలలో ఏ తప్పూ చూపకుండానే చెడిపోయినవి. అంటే హెచ్చరిక వచ్చినంత మాత్రాన డిస్కు చెడిపోయినట్టు కాదు, రానంత మాత్రాన బాగున్నట్టూ కాదు.

అందువల్ల తెరమీద ఎర్ర అక్షరాలు కనబడినప్పుడు మొదట చెయ్యవలసిన పని పరీక్ష కాదు. మార్కుల పట్టికలు, పాఠాలు, ఫొటోలు, ముఖ్యమైన వాటినన్నిటినీ మరొక చోట నకలు తీసి ఉంచాలి. తరువాత హెచ్చరికలోని అంశం పేరు, సంఖ్య, తేదీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆ సంఖ్యను ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు అని ఆలోచించాలి. డిస్కు తయారీదారుల ప్రోగ్రాముతో మరొకసారి చదివి చూడాలి. ఖర్చు తక్కువైన మార్పును ముందు చెయ్యాలి. కేబులును ఊడదీసి మళ్ళీ గట్టిగా బిగించడానికి పైసా ఖర్చు ఉండదు. అప్పటికీ సంఖ్య పెరుగుతూనే ఉంటే కొత్త కేబులు, ఆ తరువాత మరొక ద్వారం, చివరకు కొత్త డిస్కు. ఈ వరుసలో వెళ్ళినవారికి ఏ మెట్టు దగ్గర లెక్క ఆగిపోయిందో పుస్తకంలోని తేదీలే చెబుతాయి.