ముక్కుదిబ్బడను కొలిచే గొట్టం

బెంగళూరు శివారు చందాపుర సర్కిల్ దగ్గర హోసూరు రోడ్డు వదిలి ఆనేకల్ వైపు తిరిగితే, ఇంకా ఇళ్లు కట్టని సైట్లలో వయ్యారిభామ కలుపు మొక్క ఏపుగా పెరిగి కనిపిస్తుంది. దీని పుప్పొడి ముక్కు అలర్జీ తెస్తుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు బృందం రోగులను పరీక్షించి 1991లో ప్రకటించింది. తుమ్ములైతే లెక్కపెట్టొచ్చు. దిబ్బడనెలా కొలవడం? "ముక్కు మూసుకుపోయింది డాక్టరుగారూ" అంటే ఎంత మూసుకుపోయినట్టు?

1889లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త జ్వార్డెమాకర్ ముక్కు కింద చల్లటి అద్దం పెట్టి, ఏ రంధ్రం వైపు ఎంత మేర ఆవిరి పట్టిందో చూశాడు. ఆ తర్వాత గాలి ఒత్తిడిని కొలిచే రైనోమానోమీటర్లు వచ్చాయి. 1989లో హిల్‌బర్గ్ బృందం ముక్కులోకి శబ్దాన్ని పంపి, ప్రతిధ్వనిని బట్టి లోపలి దారి ఎక్కడ ఇరుకో గీసి చూపింది. తెలివైన పనే, కానీ రోజూ ఇంట్లో చేసుకునేది కాదు.

ఇంటిదాకా వచ్చిన పరికరానికి మూలం ఆస్తమా వైద్యంలో ఉంది. బ్రిటన్‌లో రైట్, మెకెరో ఇద్దరూ 1959లో రోగి ఎంత జోరుగా ఊదగలడో కొలిచే మీటరు తెచ్చారు. 1978కల్లా అది చేతిలో ఇమిడే గొట్టమైంది. పుప్పొడి కాలంలో అలర్జీ ఇంజెక్షన్లు పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి 1980లో యూల్టెన్ దాన్ని తిరగేశాడు: ఊదడం కాదు, ముక్కుతో పీల్చడం.

వాడకం తేలికే. ముక్కు చీదుకుని, ముక్కూ నోరూ కలిపి మాస్కు గట్టిగా అదుముకోవాలి. ఊపిరంతా వదిలేసి, నోరు మూసుకుని ఒక్కసారిగా ముక్కుతో ఎగబీల్చాలి. గొట్టంలో ముల్లు సర్రున జరిగి ఒకచోట ఆగుతుంది. మూడుసార్లు చేసి పెద్ద అంకె రాసుకుంటారు. ఆరోగ్యవంతులైన పెద్దలకు నిమిషానికి 100 లీటర్లు దాటడం మామూలే. మాస్కు పక్కనుంచి గాలి పోయినా, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నా లెక్క తప్పుతుంది. ఏ వైపు మూసుకుపోయిందో కూడా ఇది చెప్పదు. అదీ ఒకందుకు మంచిదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొన్ని గంటలకోసారి ముక్కు రంధ్రాలు వంతులేసుకుని బిగుసుకుంటాయని 1895లోనే కైజర్ రాశాడు.

అసలు చిక్కు వేరే ఉంది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన అమృతాంజనం వాసన పీల్చితే ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది కదా? అలాంటి వాసనలకు మూలమైన మెంథాల్‌ను కార్డిఫ్‌లో ఎకల్స్ 1983లో పీల్పించి కొలిస్తే, హాయిగా ఉందన్నారే తప్ప గాలికి అడ్డు ఏమాత్రం తగ్గలేదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను మెంథాల్ మేల్కొలుపుతుంది, అంతే. అందుకే మీటరు అంకె పక్కనే, మీకెలా ఉందో సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమని కూడా రోగిని అడుగుతారు. రెండూ కలవకపోవడం కొత్తేమీ కాదు.

ఇంకో చిట్కా ఉంది. ముక్కులో దిబ్బడ తగ్గించే చుక్కల మందు వేసి, కాసేపాగి మళ్లీ పీల్చమంటారు. అంకె బాగా పెరిగితే అడ్డు లోపలి పొర వాపు వల్లే. పెరగకపోతే, మధ్య గోడ వంకర పోయిందేమోనని చూస్తారు.