సీతాకోకచిలుకల గణన: ముందు మొక్కను చూడండి

దేశవ్యాప్తంగా పౌరులు ఏటా సెప్టెంబరులో సీతాకోకచిలుకలను పరిశీలించి, లెక్కించి, నమోదు చేస్తున్నారు. 2020లో ఆరంభమైన ఈ కార్యక్రమానికి 'బిగ్ బటర్‌ఫ్లై మంత్' అని పేరు. బెంగళూరులో ఉద్యానవనాలు, చెరువుగట్లు, ఇంటి పెరడు, మేడమీది కుండీలు అన్నీ పరిశీలన స్థలాలే. పాల్గొనడానికి శాస్త్రపరిచయం అక్కరలేదు, ఓర్పు చాలు.

అరుదైనవి ఎక్కడ?

ప్రతి జాతి సీతాకోకచిలుక కొన్ని నిర్దిష్టమైన మొక్కలపైననే గుడ్లు పెడుతుంది. ఇతర ఆకులను దాని గొంగళిపురుగు తినలేదు. కామన్ మోర్మన్‌కు కరివేపాకు, నిమ్మ. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. కామన్ క్రోకు గన్నేరు ఆధారం. కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక అయిన సదరన్ బర్డ్‌వింగ్‌కు, క్రిమ్సన్ రోజ్‌కు గాడిదగడప జాతి తీగలే గతి. ఆ తీగ లేనిచోట వాటి సంతతి నిలువదు. కనుక అరుదైన సీతాకోకచిలుకను చూడగోరువారు ముందుగా దాని మొక్కను వెదకాలి.

పోలికతో పొరబడవద్దు

గాడిదగడప ఆకులలోని విషం గొంగళిపురుగు ద్వారా క్రిమ్సన్ రోజ్‌కు సంక్రమిస్తుంది. అందువల్ల పక్షులు దానిని తినవు. ఆ రక్షణ కోసమే కామన్ మోర్మన్ ఆడవాటిలో కొన్ని దాని రూపాన్ని అనుకరిస్తాయి. శరీరం ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజ్. నల్లగా ఉంటే మోర్మన్.

నమోదు చేసే విధానం

ఎండ కాసే ఉదయవేళ ఒకే దారిలో మెల్లగా నడవండి. రెక్కల పైభాగాన్ని, అడుగుభాగాన్ని ఫొటో తీయండి. స్థలం, తేదీ, సమయం, సంఖ్య వ్రాసుకొని 'ఐనాచురలిస్ట్' వంటి వేదికలో చేర్చండి. పట్టుకోవద్దు, రెక్కలను తాకవద్దు. సాధారణ జాతులను కూడా తప్పక లెక్కించండి. నేటి సాధారణ జాతి రేపు తగ్గిపోతే, ఆ సంగతి తెలిపేది నేటి లెక్కయే.

ఇంటి వద్ద

కరివేపాకు మొక్కపై పక్షిరెట్టవలె కనిపించే చిన్న పురుగు కొద్దిరోజులలో ఆకుపచ్చగా మారితే, అది చాలావరకు మోర్మన్ పిల్లయే. మందు చల్లకండి. నాలుగు రెమ్మలు దానికి వదలండి. తిన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. ఖాళీ స్థలంలోని జిల్లేడును, గాడిదగడపను పిచ్చిమొక్కలని పీకివేయకండి. అవి పోయిన వీధిలో గణనకు ఎందరు వచ్చినా లెక్కించడానికి ఏమీ మిగలదు.