సువార్తకు ముందు నడత

1876లో మొదలైన కరువు ఒంగోలు సీమను పీల్చి పిప్పి చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అప్పటికి పదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకుని, తిండి లేక అల్లాడుతున్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పని ఆగిన వేళల్లో బోధకులు గట్టు మీద వాక్యం చెప్పేవారు. ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాగినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతంలో కలిశారన్న నింద వాళ్ల మీద పడకూడదన్నది ఆయన పట్టుదల. కాలువ పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ అంకెను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకుముందు ఆయన కాదన్న ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి. ఆకలినీ విశ్వాసాన్నీ గీత గీసి విడదీయడం ఎవరి తరమూ కాదు, నిజమే. కానీ అవసరంలో ఉన్నవాడికి సాయం చేసి, బదులుగా ఏమీ అడగకుండా ఆగడం మన తరం అవుతుంది. ఈ రోజు సువార్త చెప్పాలనుకునేవారికి మొదటి పాఠం అక్కడుంది.

ఒంగోలు సీమలో ఆ సువార్త ఉద్యమాన్ని నిలబెట్టింది క్లౌ దొర ఒక్కడే కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, అంతకుముందు యోగసాధన చేసిన మనిషి, 1866లో బాప్తిస్మం పొంది పల్లెపల్లెకూ కాలినడకన తిరిగాడు. పేరయ్య ఎలాంటివాడో ఆ పల్లెల మాదిగవాడలకు ముందే తెలుసు. అందుకే ఆయన మాట విన్నారు. తర్వాతి కాలంలో దోర్నకల్‌లో బిషప్ అజరయ్య చెప్పిందీ ఇదే. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. మాలమాదిగ విశ్వాసుల బతుకులో వచ్చిన మార్పు చూసే శూద్ర కులాలవారు చర్చి వైపు వస్తున్నారని ఆయన గట్టిగా నమ్మాడు.

ఇప్పుడు పొరుగువాళ్లు మనలో ఏం చూస్తున్నారు? మందులు మానేయమనే స్వస్థత సభలు, పక్కింటివారి దేవుళ్లను తిట్టే యూట్యూబు ప్రసంగాలు చూస్తున్నారు. వీటిని సువార్త అనడానికి నాకు నోరు రాదు. వీటికన్నా లోతైన జబ్బు కులం. ఒకే బైబిలు చదివే ఊళ్లో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి. పెళ్లి ప్రకటనలో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు.

ఒక్క విషయంలో మాత్రం విశ్వాసులను నిందించలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి కింద వస్తారు. అదే ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. సర్టిఫికెట్టులో ఒక మతం, ఆదివారం మరొక మతం అన్నట్టు బతుకుతున్న కుటుంబాలు అందుకే ఉన్నాయి. పిల్లల చదువు కోసం నోరు నొక్కుకున్న తల్లిదండ్రులను దొంగ విశ్వాసులనడం క్రూరం. ఆ అన్యాయం చట్టంలో ఉంది, దాన్ని చట్టంలోనే సరిచేయాలి.

మన చేతిలో ఉన్నదాన్ని సరిచేయడానికి మాత్రం ఏ ప్రభుత్వమూ అడ్డు రాదు. సంఘపెద్దలారా, వచ్చిన కానుకల్లో ఎంత పేదలకు వెళ్లిందో చర్చి గోడ మీద అంటించండి. ఆ పేదల్లో చర్చికి రానివారూ ఉండాలి. తల్లులారా, తండ్రులారా, మీ అబ్బాయికో అమ్మాయికో సంబంధం చూసేటప్పుడు ఈసారి కులం అడగకండి.