సైకిల్‌ని కారు గుద్దితే మీకేం హక్కుంది?

సారపాకలో పేపర్ మిల్లు షిఫ్టు మారే టైమ్‌కి రోడ్డు చూడండి. సైకిళ్లు, లారీలు, భద్రాచలం గుడికి పోయే కార్లు అన్నీ ఒకే దారిలో. అక్కడ సైకిల్‌కి కారు తగిలిందనుకుందాం. నలుగురు పెద్దమనుషులు చేరి "5 వేలు తీసుకో, కేసెందుకు" అంటారు. తొందరపడి సంతకం పెట్టకండి.

సైకిల్‌కి లైసెన్సు, ఇన్సూరెన్సు లేవు కదా, మనకేం వస్తుందిలే అనుకుంటారు. సైకిల్‌కి అవి అక్కర్లేదు. కారుకే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ థర్డ్ పార్టీ మీరే.

అసలు చిక్కు ఆసుపత్రిలో వస్తుంది. డ్రైవరే తీసుకొచ్చాడు, పాపం మంచోడు అని "సైకిల్ మీంచి పడ్డా" అని రాయిస్తారు. తర్వాత ఆ కాగితాన్నే ఇన్సూరెన్సు కంపెనీ లాయరు కోర్టులో చూపిస్తాడు. కాబట్టి కారు గుద్దిందనే చెప్పండి, నంబరు చెప్పండి. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. విరిగిన సైకిల్‌ని పాత ఇనుముకి వేసేముందు ఫొటోలు తీయండి.

మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తప్పెవరిదో నిరూపించక్కర్లేదు. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు. ఎముక విరిగినా తీవ్ర గాయమే. పోయిన కూలి, వైకల్యం లెక్కకట్టి ఎక్కువ అడగాలంటే 166. అక్కడ డ్రైవరు తప్పు చూపించాలి. రెండూ కలిపి రావు. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో 166కి గడువు 6 నెలలే. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు.

సైకిల్‌కి లైటు లేదని వాదిస్తే? మీ తప్పూ ఉందని తేలితే కొంత కోస్తారు, మొత్తం పోదు.

కారు ఆగకుండా పోయి, ఎవరిదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది: తీవ్ర గాయానికి 50 వేలు, మరణిస్తే 2 లక్షలు.