మోకాలికి జానెడు దూరంలో కారు

వరంగల్‌లో ఉర్సు గుట్ట దాటాక ఇళ్లు పలచబడిన చోట, ఓ ఆదివారం పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు షార్ట్‌ఫిల్మ్ తీస్తూ కనిపించారు. సినిమా పని గురించి ఏళ్లుగా రాస్తున్నవాణ్ని కాబట్టి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సీను ఏమిటని అడిగితే చెప్పారు. హీరో రోడ్డు మధ్యలో నిలబడి ఉంటాడు. విలన్ కారు దూసుకొచ్చి అతని మోకాలికి జానెడు దూరంలో ఆగుతుంది. హీరో రెప్ప కూడా వేయడు. విలన్ దిగి అతని కణతకు తుపాకీ ఆనిస్తాడు. తుపాకీ ప్లాస్టిక్‌ది, నల్లరంగు పూసినది. కారు మాత్రం అసలుదే, హీరో మేనమామది. దాన్ని నడిపే అబ్బాయికి లైసెన్సు వచ్చి ఏడాది కాలేదు.

"కాస్త దూరంలో ఆపి తీయొచ్చు కదా బాబూ" అన్నాను.

"నిజంగ మీదికి రావాలె సార్. లేకుంటె ఫీల్ రాదు. పెద్ద హీరోలు డూప్ లేకుంట చేస్తలేరా?" అన్నాడు హీరో వేషం వేసిన అబ్బాయి.

ఆ అబ్బాయిది తప్పని నేననలేను. 'డూప్ లేకుండా చేశాడు' అన్నదే మన సినిమా లోకంలో నటుడికి దక్కే పెద్ద మెప్పు. దానికి చాలా పాత చరిత్ర ఉంది. 1965లో దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో తీసిన 'తేనె మనసులు'లో, స్కూటర్ మీద కారును వెంబడించి, స్కూటర్ వదిలేసి కారు మీదికి దూకే సీను ఒకటుంది. దాన్ని కృష్ణ డూప్ లేకుండా చేశారు. ఆ సాహసం చూసే నిర్మాత డూండీ ఆయన్ని 'గూఢచారి 116'కి హీరోగా తీసుకున్నారని తెలుగు సినిమా చరిత్ర తెలిసినవాళ్లందరూ చెప్పుకుంటారు. ఆ గూఢచారి చేతికి వచ్చిన తుపాకీ, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' నాటికి కౌబాయ్ నడుముకి చేరింది. ఆ ఒక్క దూకుడు మన తెరకు ఒక కొత్త తరహా హీరోను తెచ్చిపెట్టింది. అందులో సందేహం లేదు.

అయితే 1980 నవంబర్ 16న చెన్నై దగ్గర షోళవరంలో మలయాళ నటుడు జయన్ కూడా డూప్ లేకుండానే చేశారు. 'కోళిళక్కం' సినిమాకు ఎగురుతున్న హెలికాప్టర్‌ని పట్టుకుని వేలాడే సీను అది. ముందు తీసిన షాట్ తృప్తి కలిగించక, మళ్లీ చేద్దామని ఆయనే పట్టుబట్టారని అంటారు. హెలికాప్టర్ అదుపు తప్పి కూలింది. జయన్ చనిపోయారు. కృష్ణకు, జయన్‌కు ధైర్యంలో తేడా లేదు. ఒకరి విషయంలో లెక్క కుదిరింది, ఇంకొకరి విషయంలో తప్పింది. కుదిరిన కథే మనం పదే పదే చెప్పుకుంటాం కాబట్టి, కుర్రాళ్ల చెవిన పడేది కూడా అదే.

ముందు తుపాకీ సంగతి చూద్దాం.

వరంగల్ జిల్లా పల్లెల్లో ఎనభైల్లో, తొంభైల్లో పెరిగినవాళ్లకు తుపాకీ చప్పుడు ఎలా ఉంటుందో ఎవరూ నేర్పనక్కర్లేదు. నాటు తుపాకీని పిలిచే తపంచా అన్న మాట ఇక్కడ సినిమా చూసి నేర్చుకున్నది కాదు. ఆ నక్సలైట్ల రోజుల మీద ఈ జిల్లాకే చెందిన వేణు ఊడుగుల తీసిన 'విరాటపర్వం' 2022లో వచ్చింది. ఇలాంటి కథలు తీసేవాళ్లకు ఇక్కడి ప్రేక్షకుడు గట్టి పరీక్ష పెడతాడు. నాలుగు కిలోలకు పైగా బరువుండే ఎస్.ఎల్.ఆర్. రైఫిల్‌ను నటుడు కర్రపుల్లలా ఊపితే వెంటనే పట్టేస్తాడు. అసలు తుపాకీ మోసేవాడి మణికట్టు కిందికి లాగుతుంది, భుజం ఒకవైపు ఒరుగుతుంది. పేల్చినప్పుడు మడమ భుజాన్ని వెనక్కి తంతుంది. పట్టపగలు గొట్టం చివర మంట కనిపించీ కనిపించకుండా పోతుంది. పక్కనే తుపాకీ పేలితే చాలాసేపు చెవులు గింగురుమంటాయి, అవతలివాడి మాట వినపడదు. మన సినిమాల్లో మాత్రం పగటివేళ కూడా గొట్టంలోంచి అగ్నిపూలు పూస్తాయి, ఆ మోతలోనే డైలాగులూ నడుస్తాయి. నిజంగా ఉన్నట్టు చూపించాలంటే మంట, మోత తగ్గించాలి. బొమ్మ తుపాకీ లోపల ఇనప కడ్డీ దూర్చి బరువు పెంచి, నటుడితో వారం రోజులు మోయించాలి. ఇందులో దేనికీ అసలు తుపాకీ అక్కర్లేదు.

సెట్లో వాడే తూటాలు ఎన్ని రకాలో తెలిస్తే ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. అసలు తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు ఎగిరివెళ్లే గుండు, వెనక ఇత్తడి గొట్టం, గొట్టంలో మందు, అడుగున మందును అంటించే చిన్న క్యాప్. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీలో చుక్క మందు చేసే పనినే ఆ క్యాప్ చేస్తుంది. బ్లాంక్ అంటే గుండు లేని తూటా. మందూ, క్యాపూ ఉంటాయి, మూతి నొక్కేసో అట్టముక్క కూరో మూసేస్తారు. మోత, మంట, పొగ అన్నీ అసలువే. డమ్మీ దీనికి తిరగేసిన రకం. గుండు ఉంటుంది, మందు ఉండదు. చూడటానికి అచ్చం అసలు తూటాలాగే ఉంటుంది. రివాల్వర్‌ని దగ్గర నుంచి చూపించే షాట్‌లో అరలు ఖాళీగా కనబడకూడదు కాబట్టి డమ్మీలు పెడతారు.

1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' షూటింగులో బ్రూస్‌లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయాడు. వయసు 28. అతని ప్రాణం తీసింది ఈ రెండు రకాల కలగాపులగమే. దగ్గరి షాట్ కోసం అసలు తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు తయారుచేశారు. ఒకదాని అడుగున క్యాప్ అలాగే మిగిలిపోయింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ క్యాప్ పేలి గుండును కాస్త ముందుకు నెట్టింది. బయటికి తోసేంత బలం లేక అది గొట్టం మధ్యలో ఇరుక్కుపోయింది. ఎవరూ గొట్టంలోకి చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంకులు నింపి బ్రాండన్ వైపు పేల్చారు. బ్లాంక్ మందు వెనక నుంచి తన్నడంతో ఇరుక్కున్న గుండు అసలు తూటాలాగే బయటికొచ్చింది. గుండు లేని బ్లాంకూ, మందు లేని డమ్మీ కలిసి ఒక నిండు తూటా అయ్యాయి. ఒక్క మనిషి ఒక్క నిమిషం ఆగి, గొట్టంలో సన్నని కడ్డీ పెట్టి చూసుంటే ఆ కుర్రాడు బతికేవాడు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

గొట్టంలో ఏమీ లేకపోయినా దగ్గర నుంచి పేలిన బ్లాంక్ చంపగలదు. 1984 అక్టోబర్‌లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే 26 ఏళ్ల టీవీ నటుడు షాట్‌కి షాట్‌కి మధ్య విసుగొచ్చి, బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ని సరదాగా తన కణతకే పెట్టుకుని నొక్కాడు. గుండు లేకున్నా ఆ దెబ్బకు పుర్రె ఎముక చిట్లి లోపలికి దిగింది. ఆరు రోజుల తర్వాత చనిపోయాడు.

ఇంత తెలిశాక కూడా 2021 అక్టోబర్ 21న న్యూమెక్సికోలో 'రస్ట్' సినిమా సెట్లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ బలైపోయారు. అప్పుడు జరుగుతున్నది రిహార్సల్. తుపాకీలో అసలు తూటా లేదని సహాయ దర్శకుడు అందరికీ వినిపించేలా చెప్పాడు. నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వర్‌లో అసలు తూటా ఉంది. అది పేలి హలీనాను చంపి, దర్శకుడు జోయెల్ సౌజా భుజంలో దిగింది. అంతకుముందే ఆ సెట్లో తుపాకులు పొరపాటున పేలాయి. భద్రత బాగాలేదనీ, వసతి సరిగా లేదనీ కెమెరా విభాగంలో కొందరు ఆ పొద్దున్నే పని మానేసి వెళ్లిపోయారు. ఆయుధాలు చూసుకునే అమ్మాయికి 2024 ఏప్రిల్‌లో 18 నెలల శిక్ష పడింది, బాల్డ్విన్ మీద కేసును అదే ఏడాది జూలైలో కోర్టు కొట్టేసింది. నాకు మాత్రం శిక్షల కన్నా ఆ పొద్దున కెమెరావాళ్లు వెళ్లిపోవడమే ముఖ్యంగా తోస్తుంది. పనివాళ్లు చెప్పాల్సింది చెప్పారు. వినాల్సినవాళ్లు షెడ్యూలు చూసుకున్నారు.

మన దగ్గర అసలు తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. అందుకే చిన్న యూనిట్ల దగ్గర ఎక్కువగా ఉండేవి ఫైబరు, చెక్క, రబ్బరు బొమ్మలు. మంటను తర్వాత గ్రాఫిక్స్‌లో అతికిస్తారు. ఇది మన అదృష్టం. ఆ అదృష్టాన్ని చెడగొట్టేది 'బాబాయి దగ్గర లైసెన్సు తుపాకీ ఉంది, ఒక్క షాట్‌కి తెద్దాం' అన్న మాట. జాతరలో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ తెచ్చినా అంతే. అందులోని చిన్న గుండు కన్ను తీయగలదు. బొమ్మ తుపాకీని కూడా మనిషి వైపు సూటిగా పట్టనక్కర్లేదు. కెమెరాను దూరంగా పెట్టి, పెద్ద లెన్సుతో దగ్గరికి లాగి తీస్తే, రెండు మూడడుగులు పక్కకు గురిపెట్టినా తెరమీద గుండెకే పెట్టినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట. బొమ్మ తుపాకులతో బెదిరించి డబ్బు గుంజిన ముఠాల వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం. చీకట్లో, నడిరోడ్డు మీద నల్ల తుపాకీ పట్టుకున్నవాడు నటుడో కాదో దారినపోయేవాళ్లకు తెలియదు, పోలీసులకూ తెలియదు. ముందురోజే స్టేషన్‌లో చెప్పి రావడం మంచిది.

కార్ల విషయంలో మనకు తుపాకీ విషయంలో ఉన్నంత భయం కూడా లేదు. రోజూ ఎక్కి తిరిగే వస్తువు కదా.

'సమరసింహారెడ్డి' (1999), 'ఆది' (2002) నాటి నుంచి సుమోలు గాల్లోకి లేవడం మనకు పండగ. థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సుమో ఎలా లేచేదో తెలిస్తే ఆ పనివాళ్ల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. పెట్రోలు ట్యాంకుకి తూటా తగిలితే కారు బాంబులా పేలిపోదు, కారిపోతుంది. పేలేది యూనిట్ వాళ్లు లెక్కగట్టి పెట్టిన మందు. దానికి ముందే ట్యాంకు ఖాళీ చేస్తారు, బ్యాటరీ తీసేస్తారు, ముక్కలై ఎగిరే అద్దాలు విప్పేస్తారు. కారును పైకి లేపేది క్రేను తాడో, కింద పెట్టిన గ్యాసు సిలిండరో. తాడును తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు. లోపల కూర్చున్నది ఆకారం కోసం పెట్టిన బొమ్మ.

లోపల మనిషి ఉండి పల్టీ కొట్టాల్సి వస్తే లెక్క మారుతుంది. 2006లో 'క్యాసినో రాయల్' కోసం ఆస్టన్ మార్టిన్ కారును ర్యాంపు ఎక్కించి తిప్పుదామంటే, నేలకు అంటుకున్నట్టుండే ఆ కారు తిరగబడలేదు. చివరికి అడుగున ఫిరంగిలాంటి సిలిండర్ అమర్చి, నైట్రోజన్ ఒత్తిడితో రోడ్డును తన్నించారు. ఏడు పల్టీలు పడింది, అప్పటికి అది రికార్డు. లోపలున్న ఆడమ్ కిర్లీ నడిచి బయటికొచ్చాడు. 2024లో వచ్చిన 'ది ఫాల్ గై' కోసం లోగన్ హాలడే ఎనిమిదిన్నర పల్టీలతో ఆ రికార్డు దాటాడు. ఆ కార్ల లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కడతారు, మనిషిని ఒకటికి నాలుగు బెల్టులతో బిగిస్తారు.

2025 జూలై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో పా.రంజిత్ సినిమా షూటింగులో ర్యాంపు మీదుగా కారును పల్టీ కొట్టించే సీను చేస్తూ స్టంట్ కళాకారుడు ఎస్.ఎం.రాజు చనిపోయారు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. ఆయన డూప్‌గా చేసిన పల్టీలకు ఈలలు వేసినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? 'డూప్ లేకుండా' అని హీరోని మెచ్చుకునే అలవాటులోనే, డూప్ ప్రాణానికి ఒక చౌక ధర కట్టేశాం. షాట్ తీయని సమయంలోనూ ముప్పు ఉంటుంది. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర 'ఇండియన్ 2' సెట్లో క్రేను కూలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు.

వేగం రెట్టింపయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే ఫైట్ మాస్టర్లు వేగాన్ని కారుతో కాకుండా కెమెరాతో తెస్తారు. కెమెరాను నేలకు ఆనించి పెడితే బండి ఉరికినట్టుంటుంది. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. 18 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే, 45 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు 60తో వచ్చినట్టు కనబడుతుంది. మిగతాది టైరు కీచుమన్న శబ్దం, లేచిన దుమ్ము, హీరో ముఖం చేస్తాయి.

ఉర్సు గుట్ట కుర్రాళ్లకు ఇదంతా చెప్పే తీరిక లేదు. ఒక్క లెక్క మాత్రం చెప్పాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అంటే జానెడు దూరం దాటడానికి దానికి పట్టేది సెకనులో యాభయ్యో వంతు. కనురెప్ప వాలడానికి అంతకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. అంత కచ్చితంగా బ్రేకు తొక్కే కాలు ఈ భూమ్మీద ఎవరికీ లేదు.

కారు నడిపే అబ్బాయి ముఖంలో రంగు మారింది. "నేను తొక్కలేనురా" అన్నాడు మెల్లగా. ఆ మాట కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాడేమో అనిపించింది.

"మరి షాట్ ఎట్ల సార్?" అన్నాడు హీరో.

తిరగేసి తీయమన్నాను. కారును ముందే హీరో మోకాలికి జానెడు దూరంలో ఆపి ఉంచాలి. అక్కణ్నుంచి రివర్స్‌లో వెనక్కి పోనివ్వాలి. వెనక దారి ఖాళీగా ఉందో లేదో ఒకడు నిలబడి చూడాలి. ఎడిటింగులో ఆ ముక్కను వెనక నుంచి ముందుకు నడిపిస్తే, కారు దూసుకొచ్చి మోకాలి దగ్గర ఆగినట్టే ఉంటుంది. వేగం కావాలంటే అదీ ఎడిటింగులోనే పెంచుకోవచ్చు. హీరో రెప్ప వేయకుండా నిలబడటానికి ఇప్పుడు ధైర్యం అక్కర్లేదు కాబట్టి, ఆ శక్తంతా నటనకు పెట్టొచ్చు.

తీశారు. ఫోన్‌లో తిప్పి చూసుకుంటే కారు మీదికొచ్చింది, హీరో కదల్లేదు, అందరూ ఒక్కసారి కేక పెట్టారు. అంతలో వాళ్లలో స్టూడియోలో పనిచేసే అబ్బాయొకడు వేలు పెట్టి చూపించాడు. వెనక పొలం గట్టు మీద ఒక గేదె వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోతోంది. గేదె గట్టు దిగి కనుమరుగయ్యేదాకా పది నిమిషాలు అందరం చెట్టు నీడన కూర్చున్నాం. రెండో టేక్ బాగా వచ్చింది.