గాజు పలకల మీద నూరేళ్ల సూర్యుడు

మన చిక్కబళ్లాపురం జిల్లా గౌరీబిదనూరులో సూర్యుడి రేడియో తరంగాలను పట్టే పరిశీలన కేంద్రం ఉంది. దాన్ని నడిపే బెంగళూరు సంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దగ్గర ఇంకో పెద్ద నిధి కూడా ఉంది. కొడైకెనాల్ కొండ మీద 1904 నుంచి తీస్తూ వచ్చిన సూర్యుడి ఫొటోలవి.

వాటిలో పెద్ద గాజు పలకల మీద సూర్యబింబం అడ్డుకొలత సుమారు 20 సెంటీమీటర్లు. అసలు సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అంటే పలక మీద ఒక్క మిల్లీమీటరు 7 వేల కిలోమీటర్లన్నమాట. ఆ లెక్కన మన భూమి ఒక రాగి గింజంత. కొన్ని నల్లమచ్చల్లో అలాంటి గింజలు నాలుగు వరుసగా పేర్చినా పడతాయి.

మచ్చంటే ఏమిటి? అయస్కాంత బలం గట్టిగా ఉండి, లోపలి వేడిని పైకి రానివ్వని చోటు. చుట్టూ 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే మచ్చ నడుమ 4,000 లోపే ఉంటుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఈ మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. దీన్ని సౌరచక్రం అంటారు.

అంతరిక్షం నుంచి సూర్యుణ్ణి గమనించే మన ఆదిత్య ఎల్1 ఉండగా పాత పలకలెందుకని అడగొచ్చు. ఆదిత్య బయల్దేరింది 2023లో, ఒక్క చక్రం చూడాలన్నా దానికి ఇంకా ఏళ్లు పడతాయి. పలకలతో మొదలైన వరుసలో పది చక్రాలు దాటాయి. 1950ల చివర శిఖరానికి చేరిన 19వ చక్రం, చక్రాలకు నంబర్లు వేయడం మొదలయ్యాక అన్నిటికన్నా బలమైనది. 2014లో శిఖరానికి వచ్చిన 24వది సుమారు వందేళ్లలో అన్నిటికన్నా బలహీనమైనది. పక్కన పెట్టి చూసేందుకు పాతవి లేకపోతే ఈ తేడా తెలిసేదే కాదు.

మచ్చలు లెక్కపెడితే సరిపోదా? సరిపోదు. మచ్చ లేనిచోట కూడా అయస్కాంత బలం ఉంటుంది. కాల్షియానికి సంబంధించిన ఊదారంగు వెలుగును మాత్రమే వేరుచేసి తీసిన ఫొటోల్లో ఆ చోట్లు తెల్లగా మెరుస్తాయి. వీటిని ప్లేజ్‌లంటారు. అయస్కాంత బలాన్ని బింబమంతటా రోజూ నేరుగా కొలవడం 1970ల నాటికి గానీ స్థిరపడలేదు. అంతకు ముందరి దశాబ్దాలకు ఈ తెల్లటి మెరుపులే ఆధారం.

అంత పాత ఫొటోలను నమ్మవచ్చా? ఉన్నవి ఉన్నట్టుగా నమ్మలేం. ఒకనాటి పలక ముదురుగా, మరొకటి వెలిసిపోయి ఉంటుంది. బింబం అంచు సహజంగానే మసక. స్కాన్ చేశాక ఆ మసకను లెక్కగట్టి తీసేస్తారు, వెలుగును ఒకే కొలతకు తెస్తారు, సూర్యుడి ఉత్తర దిక్కు ఎటో సరిచూస్తారు. దిక్కు కాస్త తప్పితే మచ్చ ఏ అక్షాంశం మీద ఉందన్నదీ తప్పుతుంది. తర్వాత ఇతర దేశాల పాత ఫొటోలతో పోల్చుతారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన శ్రమ ఇదే.

మన ఎండలు ముదరడానికి ఈ చక్రమే కారణమా? కాదు. చక్రం మొత్తంలో సూర్యుడి నుంచి వచ్చే శక్తి మారేది వెయ్యిలో ఒక వంతే. సౌర తుఫానులు మాత్రం ఉపగ్రహాలకూ జీపీఎస్‌కూ ఇబ్బందే. 2024 మేలో వచ్చినదానికి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

ఇక గౌరీబిదనూరులో రేడియో తరంగాలతో చిత్రాలు తీసే రేడియోహీలియోగ్రాఫ్ చిత్రించేది కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని. కొడైకెనాల్‌లో మబ్బు పడితే ఆ రోజు ఫొటో లేనట్టే. రేడియో తరంగాలకు మబ్బు అడ్డు కాదు. 1997లో మొదలైన ఈ చిత్రాల వరుసలోకి వచ్చినవి ఇంకా మూడు చక్రాలే. అది నూరేళ్లు నిండాలంటే 2097 దాకా ఆపకుండా తీయాలి.